సాయినగర్ ఆదివారం సోషల్ తరగతులు: ఇంట్లో కాగితాలతో చట్టం నేర్పే చోటు

అనంతపురం సాయినగర్‌లో ఒక ఇంటి పై అంతస్తులో ప్రతి ఆదివారం ఉదయం ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సాంఘిక శాస్త్రమూ, దానితో పాటు చట్టం గురించిన ప్రాథమిక పరిజ్ఞానమూ చెప్పే తరగతులు నడుస్తున్నాయి. గోడ మీద ‘సోషల్ తరగతులు’ అన్న చిన్న బోర్డు తప్ప ఈ కేంద్రానికి వేరే పేరు లేదు. చుట్టుపక్కల వాళ్లు ‘లాయరు సార్ క్లాసులు’ అంటారు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ చెప్పి పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయిని, జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న ఒక న్యాయవాది కలిసి వీటిని నిర్వహిస్తున్నారు. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఇక్కడ చేరి, పదో తరగతిలోనూ కొనసాగుతోంది. పౌరశాస్త్రం, చట్టం విషయంలో ఇంత శ్రద్ధగా చెప్పే చోటు నేను మన ఊళ్లో మరొకటి చూడలేదు. పబ్లిక్ పరీక్షకు కావలసిన మెలకువల విషయంలో మాత్రం ఇక్కడ సరిదిద్దవలసినవి కొన్ని ఉన్నాయి. ఆ రెండింటి గురించీ వివరంగా రాస్తున్నాను.

మన ఊళ్లో ఎనిమిదో తరగతి నుంచే పిల్లల సమయమంతా లెక్కలకూ సైన్సుకూ పోతోంది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో సోషల్‌కు కూడా లెక్కలతో సమానంగా 100 మార్కులు ఉన్నా, 35 వస్తే ఉత్తీర్ణత కాబట్టి గైడు చూసి చివర్లో బట్టీ పట్టుకోవచ్చు అన్న ధోరణి ఇళ్లలోనూ బడుల్లోనూ బలంగా ఉంది. మా అమ్మాయి ఇంతకు ముందు చదివిన ఒక ప్రైవేటు పాఠశాలలో సోషల్ పీరియడ్లు నెలల తరబడి లెక్కల అదనపు తరగతులుగా మారిపోయాయి. వెళ్లి అడిగితే, సోషల్‌లో ప్రత్యేకంగా చెప్పడానికి ఏముంటుందమ్మా అన్నారు. ప్రాథమిక హక్కులు ఆరు అని తడుముకోకుండా చెప్పగలిగిన పిల్లలు, పోలీసులు ఒక మనిషిని అరెస్టు చేస్తే ఎన్ని గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలో చెప్పలేకపోవడం నాకు బాధ కలిగించింది. ఆ జవాబు ఆ ఆరు హక్కుల లోపలే ఉంది. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటలు అని రాజ్యాంగం 22వ అధికరణంలో స్పష్టంగా రాసి ఉంది. హక్కు పేరు తెలిసి దాని పని తెలియని చదువు పిల్లలకు ఏ అవసరంలోనూ అక్కరకు రాదు.

ఈ కేంద్రం ప్రత్యేకత దాని బోధనా పద్ధతిలో ఉంది. ప్రతి పెద్ద పాఠాన్నీ పిల్లల ఇంట్లో ఉండే ఏదో ఒక కాగితంతో మొదలుపెడతారు. ముందు వారమే ఫలానా కాగితం జిరాక్సు తెచ్చుకోమని చెబుతారు. ఆధార్ సంఖ్య, ఫోన్ నంబరు కనబడకుండా కొట్టివేసి తేవాలన్నది వారి నియమం. వ్యక్తిగత వివరాల విషయంలో పిల్లలకు ఈ జాగ్రత్తను మొదటి రోజే అలవాటు చేయడం నాకు చాలా నచ్చింది.

నేను వెనక బెంచీలో కూర్చుని విన్న పాఠాల్లో పట్టాదారు పాసుపుస్తకం మీద జరిగినది అన్నిటికన్నా గొప్పగా ఉంది. తల్లిదండ్రులు కూర్చుని వినడానికి ఇక్కడ అభ్యంతరం చెప్పరు. ఖాతా నంబరు ఎక్కడుందో, సర్వే నంబరు ఎక్కడుందో, విస్తీర్ణం ఎంతో, అది మెట్టో మాగాణో పిల్లలతోనే చదివించి, ఈ లెక్క మొదట ఎవరు రాయించారని మేడం అడిగారు. అక్కడి నుంచి పాఠం 1800కు వెళ్లింది. ఆ సంవత్సరం నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకోవడం, దత్తమండలాలన్న పేరు రావడం, థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి అనంతపురాన్నే కేంద్రంగా చేసుకుని 1807 వరకు పనిచేయడం, పొలం పొలానికీ కొలతలు వేయించి జమీందారుతో సంబంధం లేకుండా నేరుగా రైతు పేరు మీదే శిస్తు నిర్ణయించడం అన్నీ వరుసగా చెప్పారు. పుస్తకంలో రైత్వారీ విధానం శాశ్వత శిస్తు విధానానికి పక్కన ఒక చిన్న శీర్షికగా ఉంటుంది. అది తాము కూర్చున్న ఊరి నుంచే నడిచిందని, మద్రాసు గవర్నరైన తర్వాత 1827లో పర్యటనలో ఉండగా మన్రో మన పత్తికొండలోనే కలరాతో చనిపోయాడని తెలిసినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చిన ఆసక్తి నేను కళ్లారా చూశాను. శిస్తు భారం రైతు మీద ఎంత ఉండేదో, కరువు వచ్చిన ఏడు ఆ భారం ఏమయ్యేదో కూడా చర్చించారు కాబట్టి, ఆ పాఠం మన్రో ఘనతను పొగడడంతో ఆగిపోలేదు.

అదే పాసుపుస్తకాన్ని న్యాయవాది మరుసటి వారం తన వైపు నుంచి తీసుకున్నారు. ఇందులో ఎంతమంది ఇళ్లలో పట్టా ఆడవాళ్ల పేరు మీద ఉందో చేతులెత్తమన్నారు. లేచిన చేతులు చాలా కొద్ది. ఆ తర్వాత ఆస్తిలో కుమార్తెల హక్కు గురించి చెప్పారు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు కుమారుడితో సమానమైన వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని కేంద్రం సవరించింది 2005లో. మన రాష్ట్రం మాత్రం 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కుమార్తెలకు ఆ హక్కును అంతకు రెండు దశాబ్దాల ముందే ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో సంబంధం లేకుండా ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మా అమ్మాయి ఇంటికి వచ్చి ఆ విషయం వాళ్ల జేజికి వివరించి చెప్పింది. లింగ సమానత్వం గురించి పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. దానికి మన ఇళ్లలోని లెక్క జోడిస్తే తప్ప అది పిల్లలకు తమ విషయంగా అనిపించదు.

జాబ్ కార్డు పాఠం కూడా ఇంతే బలమైనది. అర్థశాస్త్రం భాగంలో ఉపాధి హామీ చట్టం గురించి పిల్లలు చదువుతారు. 2005లో పార్లమెంటు చేసిన ఆ చట్టం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొట్టమొదటగా అమల్లోకి వచ్చింది మన జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ స్వయంగా వచ్చి ప్రారంభించారు. అనంతపురం నుంచి కొద్ది దూరంలో ఉన్న ఆ ఊరి పేరు మన పిల్లల్లో ఎక్కువమందికి తెలియదు. మేడం ఆ చట్టాన్ని సంక్షేమ పథకంగా కాకుండా హక్కుగా ఎలా రాశారో వాక్యం వాక్యం చదివించారు. 2005 నాటి ఆ చట్టంలో రాసిన ఏడాదికి కుటుంబానికి 100 రోజుల పని, అడిగిన 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి, పని అడిగినట్లు తేదీతో కూడిన రసీదు అన్న మూడు అంశాలను బోర్డు మీద రాసి, ఆ రసీదు లేకపోతే మిగిలిన రెండూ ఎందుకు నిలబడవో పిల్లల చేతనే చెప్పించారు. శింగనమల వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి, వాళ్ల జేజి ఎప్పుడూ నోటిమాటతోనే పని అడుగుతుందని, రసీదు తీసుకున్నట్లు ఎన్నడూ చూడలేదని చెప్పాడు. హక్కుకూ దయకూ మధ్య ఉన్న తేడా ఆ చిన్న కాగితంలో ఉందని అక్కడున్న పిల్లలందరికీ అర్థమయింది.

పదో తరగతి రాజనీతి శాస్త్రం మొదటి పాఠం అధికార భాగస్వామ్యం. అందులో బెల్జియం, శ్రీలంక ఉదాహరణలు ఉంటాయి. బెల్జియంలో డచ్చి మాట్లాడేవాళ్లు 59 శాతం, ఫ్రెంచి మాట్లాడేవాళ్లు 40 శాతం. రాజధాని బ్రస్సెల్స్‌లో లెక్క తారుమారై ఫ్రెంచి వాళ్లు 80 శాతం. ఈ అంకెలను బట్టీ పట్టడం మన పిల్లలకు మహా ప్రయాస, ఎందుకంటే ఆ దేశం వాళ్ల ఊహకు కూడా అందదు. ఈ కేంద్రంలో ఆ పాఠాన్ని శ్రీబాగ్ ఒడంబడికతో పక్కపక్కన పెట్టి చెబుతారు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఏమేం ఒప్పుకున్నారో పిల్లలకు పట్టికగా రాయించారు. రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో కోరుకునే అవకాశం రాయలసీమకు ఉండాలి. కృష్ణా, తుంగభద్ర నీటిలో మొదటి పదేళ్లు ఈ ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలి. సంఖ్యలో ఎక్కువగా ఉన్నవాళ్లు తక్కువగా ఉన్నవాళ్లకు ముందుగానే హామీ ఇచ్చి నమ్మకం సంపాదించుకోవడమే బెల్జియం పాఠంలోని సారం; సరిగ్గా అదే ప్రయత్నం మన పెద్దలు చేశారని చెప్పినప్పుడు ఆ విదేశీ పాఠం ఒక్కసారిగా దగ్గరైంది. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా దాచలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు వెళ్లింది, 1956లో హైదరాబాదుతో కలవడంతో రాజధాని కర్నూలుకు దూరమైంది, అనంతపురానికి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది. ఒడంబడికకూ చట్టానికీ తేడా ఏమిటి, నాయకుల మధ్య రాసుకున్న మాటను కోర్టులో అమలు చేయించుకోగలమా అన్న ప్రశ్న మీద పిల్లలు చాలాసేపు వాదించుకున్నారు. రాజకీయ పక్షాల గొడవలోకి పోకుండా ఆ చర్చను నడిపించడం తేలిక కాదు. ఆ పని ఇద్దరూ ఎంతో నిగ్రహంతో చేశారు.

రాజ్యాంగ సభ పాఠంలోనూ ఇదే ధోరణి. అంబేడ్కర్, నెహ్రూ, రాజేంద్రప్రసాద్ పేర్లతో పాటు, ఆ సభలో మన జిల్లా నుంచి నీలం సంజీవరెడ్డి, కల్లూరు సుబ్బారావు కూర్చున్నారని చెబుతారు. ఇల్లూరులో పుట్టిన సంజీవరెడ్డి 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయిన సంగతి పిల్లలకు జనరల్ నాలెడ్జి బిట్టుగా తెలుసు. రాజ్యాంగాన్ని రాసిన సభలో ఆయన సభ్యుడన్న సంగతి తెలియదు.

న్యాయవాది చెప్పే భాగంలో వినియోగదారుల హక్కుల పాఠాన్ని ప్రత్యేకంగా పేర్కొనాలి. సాధారణంగా ఈ పాఠం తూకం రాళ్లు, గరిష్ఠ చిల్లర ధర, ఐఎస్ఐ గుర్తు దగ్గర ముగిసిపోతుంది. ఆయన మాత్రం వేరుశెనగ విత్తనాల బిల్లు తెమ్మన్నారు. మన జిల్లాలో ఖరీఫ్ ముందు ప్రతి రైతు ఇంటికీ వచ్చే బిల్లు అది. విత్తనం మొలకెత్తకపోతే రైతు ఎక్కడికి వెళ్లాలన్నది ప్రశ్న. రైతు వ్యాపారం కోసం కొన్నాడు కాబట్టి వినియోగదారుడు కాడని విత్తన సంస్థలు వాదించేవని, మన రాష్ట్ర రైతుల కేసులోనే 2012లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, నాసిరకం విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని తీర్పు చెప్పిందని వివరించారు. బిల్లు, సంచి మీద ఉండే ట్యాగు, లాట్ నంబరు పంట చేతికొచ్చేదాకా ఎందుకు దాచుకోవాలో అప్పుడు అర్థమవుతుంది. 2019 చట్టం వచ్చాక కొన్న చోటే కాకుండా తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చని, రెండేళ్ల లోపు చేయాలని, 5 లక్షల రూపాయల వరకు విలువ ఉన్న వాటికి రుసుము లేదని, 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చని చెప్పి, ఒక నమూనా ఫిర్యాదు రాయించారు. మా అమ్మాయి రాసిన ఫిర్యాదులో తేదీలు లేవని ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి తిరిగి రాయించారు. అలాంటి దిద్దుబాటు బడిలో దొరకదు.

సమాచార హక్కు దరఖాస్తు విషయంలోనూ రాయించడమే పద్ధతి. ఊరి నీటి ట్యాంకు ఎప్పుడు శుభ్రం చేశారు, బడి మరమ్మతులకు ఎంత మంజూరైంది వంటి ప్రశ్నలను పిల్లలే ఎంచుకుంటారు, తల్లిదండ్రుల పేరు మీద దరఖాస్తు సిద్ధం చేస్తారు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని, మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయాల్లో రుసుము ఉండదని, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు అని, జవాబు రాకపోతే మొదటి అప్పీలు ఎవరికి చేయాలో రాసి ఇస్తారు. ‘ఎందుకు చేయలేదు’ అని అడగడం వేరు, ‘ఏ తేదీన ఎంత ఖర్చు చేశారో నకలు ఇవ్వండి’ అని అడగడం వేరు అన్న పాఠం భాషను కూడా నేర్పుతుంది. సంపాదకుడికి లేఖ రాయడం కన్నా ఇది తెలుగు వాక్యానికి మంచి సాధన అని నా నమ్మకం.

నేర చట్టాల భాగం మీద మాత్రం నాకు ఒక గట్టి ఫిర్యాదు ఉంది. 2024 జులై 1 నుంచి భారతీయ శిక్షా స్మృతి, నేర విచారణ స్మృతి, సాక్ష్య చట్టం పోయి, వాటి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. న్యాయవాది నోటితో చెప్పేటప్పుడు కొత్త చట్టాల ప్రకారమే చెబుతారు. ఏ స్టేషను పరిధిలో నేరం జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చని, ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని, సాక్షిగా విచారించడానికి మహిళలను గానీ 15 ఏళ్ల లోపు పిల్లలను గానీ స్టేషనుకు రమ్మనకూడదని, వాళ్లుండే చోటికే వెళ్లాలని ఆయన చెప్పిన తీరు చక్కగా ఉంది. అయితే పంచిపెట్టిన నోట్సులో ఎఫ్ఐఆర్‌కు ఇంకా పాత 154 సెక్షనే ఉంది, ఇప్పుడది 173. పిల్లలు ఒకసారి నేర్చుకున్న అంకెను మళ్లీ మరచిపోవడం కష్టం కనుక, ఈ నోట్సును మొత్తం తిరిగి అచ్చు వేయించడం నిర్వాహకుల బాధ్యత. ఈ విషయం వారికి చెప్పాను, సరిచేస్తామన్నారు. నేను ఇది రాసే నాటికి కొత్త నోట్సు ఇంకా పిల్లల చేతికి రాలేదు.

పిల్లల రక్షణకు సంబంధించిన చట్టాలను చెప్పే రోజు తల్లులను కూడా తప్పక రమ్మంటారు. ఆ నిర్ణయం సరైనది. లైంగిక నేరాల నుంచి బాలలను రక్షించే 2012 నాటి చట్టంలో 18 ఏళ్ల లోపు ఉన్న ప్రతి ఒక్కరూ, ఆడపిల్లలైనా మగపిల్లలైనా, బాలలేనని, నేరం జరిగిందని తెలిసి కూడా చెప్పకపోవడం నేరమని, బాధిత బాలల పేరూ బడీ బయట పెట్టకూడదని, 1098కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చని మేడం ఎంతో సున్నితంగా చెప్పారు. బాల్య వివాహ నిషేధ చట్టం గురించి మాట్లాడినప్పుడు గదిలో కొందరు తల్లులు తలలు వంచుకున్నారు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 అన్నది ఊళ్లలో అందరికీ తెలిసిన లెక్కే. పెళ్లి చేయించినవారు, కుదిర్చినవారు, ఆపకుండా హాజరైన పెద్దలు కూడా శిక్షకు గురవుతారని చాలామందికి తెలియదు. పదో తరగతి ముగిసిన వేసవిలోనే సంబంధాలు చూడడం మొదలయ్యే ప్రాంతంలో ఈ ఒక్క తరగతి ఎంతమంది ఆడపిల్లలకు అండగా నిలుస్తుందో నేను మాటల్లో చెప్పలేను. మైనర్లకు బండి ఇస్తే మోటారు వాహనాల చట్టం కింద తల్లిదండ్రులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉండవచ్చని చెప్పిన తర్వాత, స్కూటీ మీద వచ్చే పదో తరగతి పిల్లలు కొందరు సైకిళ్ల మీద రావడం మొదలుపెట్టారు.

ఒక ఆదివారానికి బదులు పని దినాన పిల్లలను జిల్లా కోర్టు ఆవరణకూ, అక్కడున్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థకూ తీసుకెళ్లారు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారని, దానికి 39ఎ అధికరణం, 1987 నాటి చట్టం ఆధారమని, 15100కు ఫోన్ చేస్తే చాలని పిల్లలకు అక్కడే తెలిసింది. లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుందని, ఆ తీర్పు మీద అప్పీలు ఉండదని విన్న తర్వాత, అయితే ఆలోచించుకోకుండా సంతకం పెట్టకూడదు కదా సార్ అని ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగిందట. ఆ ప్రశ్న ఈ తరగతుల నాణ్యతకు నిదర్శనం.

ఇప్పుడు లోపాలు. మ్యాప్ పాయింటింగ్‌కు ఇక్కడ ఇచ్చే సమయం చాలా తక్కువ. పరీక్షలో కష్టపడకుండా వచ్చే మార్కులు పటంలోనే ఉంటాయి. అవి పోగొట్టుకోవడం అన్యాయం. చరిత్రకూ చట్టానికీ ఊరి నుంచి మొదలుపెట్టే ఈ పద్ధతిని భూగోళానికి ఎందుకు వర్తింపజేయలేదో నాకు అర్థం కాదు. నంది కొండల్లో పుట్టి, హిందూపురం వైపు నుంచి వచ్చి, మన జిల్లా, కడప దాటి నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసే పెన్నను పిల్లలు ముందు గీయగలిగితే, తుంగభద్ర ఎగువ కాలువ మన ఊరికి నీళ్లు ఎటు నుంచి తెస్తోందో గుర్తించగలిగితే, భారతదేశ పటంలో మిగిలిన నదులూ ఆనకట్టలూ వాటంతట అవే కుదురుకుంటాయి. నేలల పాఠానికైతే మన ఎర్ర నేలలూ, తాడిపత్రి వైపు నల్లరేగడీ చూపించడానికి బస్సు టికెట్టు తప్ప ఖర్చే లేదు.

రెండో లోపం భాషకు సంబంధించినది. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటున్నాయి. ఇక్కడికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది పరీక్ష ఇంగ్లీషులో రాస్తారు. చర్చంతా తెలుగులో జరగడం వల్ల విషయం లోతుగా దిగుతోంది, అది మారకూడదు. కానీ చివరి పావుగంట అదే జవాబును ఇంగ్లీషులో నాలుగు వాక్యాలుగా రాయించకపోతే, తెలిసిన విషయాన్ని కూడా పరీక్షలో పెట్టలేక మార్కులు కోల్పోతారు. మా అమ్మాయి విషయంలో ఆ సాధన నేను ఇంట్లో చేయించవలసి వచ్చింది. అందరు తల్లిదండ్రులకూ ఆ వీలు ఉండదు. ప్రపంచ చరిత్ర, ముఖ్యంగా ఐరోపాలో జాతీయవాదం పాఠం, హడావుడిగా ముగించారు. అందులో ఊరితో ముడిపడే కాగితం దొరకకపోవడమే కారణమనుకుంటాను. అయినా పరీక్షలో ఆ పాఠానికి ప్రశ్న వస్తుంది.

వసతి మామూలుగా ఉంటుంది. రేకుల కప్పు కింద మార్చి నెలలో కూర్చోవడం పిల్లలకు కష్టమే. పదో తరగతి వాళ్ల సంఖ్య జనవరి నుంచి ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి అప్పుడు వెనక వరుసకు బోర్డు కనిపించదు. తరగతి ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. రాప్తాడు, గార్లదిన్నె వైపు నుంచి వచ్చే పిల్లలకు ఆదివారం ఆ వేళకు బస్సు అందదు, వచ్చేసరికి మొదటి అరగంట పోతుంది. తొమ్మిదిన్నరకు మార్చితే ఎవరికీ నష్టం లేదు. న్యాయవాదికి వీలు కాని వారాల్లో ఆయన పాఠం వాయిదా పడుతుందే తప్ప రద్దు కాదు, అయితే ఆ కబురు శనివారం రాత్రి దాకా తెలియదు.

రుసుము నెలకు 500 రూపాయలు. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ వస్తే రెండో వాళ్లకు సగం, ప్రభుత్వ బడి పిల్లలకు 200. నోట్సుకు విడిగా డబ్బు తీసుకోరు. అనంతపురంలో ఒక్క లెక్కల ట్యూషనుకు అడిగే మొత్తంతో పోలిస్తే ఇది చాలా తక్కువ, ఇచ్చే చదువుకు ఇంకా తక్కువ.

పదో తరగతి తర్వాత ఏమిటన్నదాని మీద కూడా వీళ్లు నిజాయితీగా సలహా ఇస్తారు. సీబీఎస్ఈ బడుల్లో 11, 12 తరగతులకు లీగల్ స్టడీస్ ఐచ్ఛిక విషయంగా తీసుకోవచ్చు. మన ఇంటర్మీడియట్‌లో అయితే సీఈసీ, హెచ్ఈసీ గ్రూపుల్లో సివిక్స్ ఉంటుంది. ఇంటర్ ఏ గ్రూపుతో చదివినా ఐదేళ్ల న్యాయ కోర్సుకు లాసెట్ రాయవచ్చని, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ వేరే ఉంటుందని, ఆ పరీక్ష ప్రధానంగా చదివి అర్థం చేసుకునే సామర్థ్యం మీద నడుస్తుందని వివరించి, రోజూ ఒక తెలుగు సంపాదకీయం, ఒక ఇంగ్లీషు సంపాదకీయం చదవమన్నారు. తామే క్లాట్ శిక్షణ ఇస్తామని చెప్పుకోలేదు. అది తమకు చేతకాదని, హైదరాబాదులోనో ఆన్‌లైన్‌లోనో చూసుకోమని చెప్పేశారు. మా అమ్మాయి ఎంపీసీకి బదులు సీఈసీ తీసుకుంటానంటోంది. బంధువుల్లో దీనికి ఒప్పుకోని వాళ్లు ఉన్నారు. నేను మాత్రం తనతో ఉన్నాను.

కేవలం 90 దాటిన మార్కులే లక్ష్యమైతే, పటాలకూ జవాబు రాసే సాధనకూ వేరే ఏర్పాటు చేసుకుని ఇక్కడ చేరడం మంచిది. ఎనిమిదో తరగతి నుంచే పంపగలిగితే అన్నిటికన్నా మేలు, ఎందుకంటే పదిలో చేరేవాళ్లకు పాసుపుస్తకం, విత్తనాల బిల్లు వంటి పాఠాలు అప్పటికే జరిగిపోయి ఉండవచ్చు. కొత్త చేరికలు జూన్‌లో బడులు తెరిచిన వారం మొదలవుతాయి; మొదటి రెండు ఆదివారాలు రుసుము లేకుండా కూర్చోనిస్తారు. వెళ్లేటప్పుడు పిల్లల చేత ఇంట్లో ఉన్న ఒక కరెంటు బిల్లు తీసుకెళ్లమనండి. మొదటి పాఠం దాని మీదే ఉంటుంది.